జాబితా చేతికొస్తే పిల్లలు క్షేమమేనా?

లైంగిక నేరాల్లో శిక్షపడి బయటికొచ్చినవాళ్ళ వివరాలు ఊరికి చెప్పాలా? చట్టం ఏమంటోంది? తల్లిదండ్రులకు నిజంగా పనికొచ్చే సమాచారం ఏది?

ఎక్కడో పసిబిడ్డ మీద అఘాయిత్యం జరిగిందని పేపర్లో వచ్చిందంటే, ఆ వారమంతా మా ఓపీలో జ్వరాలు, దగ్గులతో పాటు ఇంకో ప్రశ్న కూడా వస్తుంది. 'ఇట్లాంటి పని చేసి జైలుకు పోయినోడు బయటికొచ్చి మా వీధిలోనే బాడుగకు దిగితే మాకెట్ల తెలుస్తాది?' బిడ్డను ఒళ్ళో పెట్టుకుని తల్లి అడిగే ఈ మాటలో తప్పేమీ లేదు. మీకూ ఈ సందేహం ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. దీనికి చట్టం చెప్పే జవాబు ఒకటి, ఆస్పత్రిలో మాకు కనిపించే వాస్తవం ఇంకొకటి. రెండూ తెలుసుకోవాలి.

మదనపల్లె, బి.కొత్తకోట, పెద్దతిప్పసముద్రం వైపు ఈ భయానికి ఒక కారణం ఉంది. 2019 నవంబరులో కురబలకోట మండలం అంగళ్ళు దగ్గర ఒక కల్యాణ మండపానికి అమ్మానాన్నలతో పెళ్ళికి వచ్చిన చిన్నారి రాత్రిపూట కనిపించకుండా పోయింది. తెల్లవారి శవమై దొరికింది. నేరం చేసింది లారీల మీద పనిచేసే యువకుడు. 2020 ఫిబ్రవరి 24న చిత్తూరు కోర్టు అతనికి మరణశిక్ష విధించింది. మా వైపు పెళ్ళంటే పిల్లలు మండపమంతా తిరుగుతుంటారు. ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారులే అని పెద్దవాళ్ళు ధీమాగా ఉంటారు. ఆ ధీమా అప్పటితో పోయింది. (ఆ పాప పేరు, ఇంటి వివరాలు ఇక్కడ రాయడం లేదు. బిడ్డ ప్రాణంతో లేకపోయినా వాటిని బయటపెట్టడానికి చట్టం ఒప్పుకోదు. 'న్యాయం జరగాలి' అంటూ వాట్సాప్‌లో బిడ్డ ఫొటో పంపేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.)

జాబితా ఉంది, మనకు కనపడదు

మన దేశంలో ఇలాంటి నేరస్తుల జాబితానే లేదని చాలామంది అనుకుంటారు. ఉంది. 2018 సెప్టెంబరు 20న కేంద్ర హోంశాఖ లైంగిక నేరస్తుల జాతీయ డేటాబేస్‌ను ప్రారంభించింది. జాతీయ నేర రికార్డుల బ్యూరో దాన్ని నిర్వహిస్తుంది. అత్యాచారం, సామూహిక అత్యాచారం, పిల్లలపై లైంగిక నేరాలు, ఈవ్‌టీజింగ్ కేసుల్లో శిక్షపడినవాళ్ళ పేర్లు, ఫొటోలు, చిరునామాలు, వేలిముద్రలు అందులో ఉంటాయి. మొదలుపెట్టేనాటికే 4.4 లక్షల నమోదులు ఉన్నాయి. కానీ దాన్ని తెరిచి చూసే అధికారం పోలీసులకు, దర్యాప్తు సంస్థలకు మాత్రమే ఇచ్చారు. మీరు, నేను చూడలేం.

దాన్ని జనం ముందు పెట్టాలన్న ఆలోచన మన రాష్ట్రంలోనే వచ్చింది. అంగళ్ళు ఘటన జరిగిన నెలలోనే హైదరాబాద్ శివార్లలో పశువైద్యురాలి హత్య జరిగింది. ఆ ఆగ్రహం చల్లారకముందే, 2019 డిసెంబరు 13న ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లును ఆమోదించింది. '21 రోజుల్లో తీర్పు' అన్న మాటే ఇప్పటికీ అందరికీ గుర్తుంది. ఆడవాళ్ళపైనా పిల్లలపైనా నేరాలు చేసినవారి రిజిస్టరును ఎలక్ట్రానిక్ రూపంలో పెట్టి, ప్రజలు కూడా చూసే వీలు కల్పించాలన్న అంశం కూడా ఆ చట్టంలో ఉంది. దిశ పేరుతో పోలీస్ స్టేషన్లు వచ్చాయి, ఫోన్ యాప్ వచ్చింది. బిల్లుకు మాత్రం రాష్ట్రపతి ఆమోదం దక్కలేదు. దాంతో రిజిస్టరు ఆలోచన కాగితం మీదే ఉండిపోయింది.

ఒకవేళ వచ్చి ఉంటే? ముప్పై ఏళ్ళుగా ఆ పని చేస్తున్న దేశం అమెరికా. 1994 జులైలో న్యూజెర్సీలో ఏడేళ్ళ మేగన్‌ను ఎదురింటి మనిషే బలి తీసుకున్నాడు. అంతకుముందు పిల్లల మీద నేరాలకే అతనికి రెండుసార్లు శిక్ష పడిందని ఆ వీధిలో ఎవరికీ తెలియదు. తెలిసి ఉంటే మా బిడ్డ బతికేదని తల్లిదండ్రులు రోడ్డెక్కారు. మూడు నెలల్లో ఆ రాష్ట్రంలో చట్టం వచ్చింది. 1996లో దేశమంతటికీ విస్తరించింది. అప్పటినుంచి ఇలాంటి నేరస్తుడు విడుదలై వస్తే చుట్టుపక్కలవాళ్ళకు సమాచారం ఇస్తారు. తర్వాత ఇంటర్నెట్‌లోనూ పెట్టారు. అక్కడ స్థిరపడిన మనవాళ్ళ పిల్లలు ఇల్లు చూసుకునేటప్పుడు బడి ఎంత దూరం, ఇండియన్ స్టోరు ఎంత దూరం అన్నవాటితో పాటు ఇదీ చూసుకోవచ్చు.

ఇంత చేశాక నేరాలు తగ్గాయా? 2008లో న్యూజెర్సీలోనే ఆ చట్టంపై పరిశోధన జరిగింది. చట్టం రాకముందు, వచ్చాక విడుదలైన నేరస్తులను పోల్చి చూశారు. మళ్ళీ లైంగిక నేరం చేయడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2011లో వచ్చిన మరో అధ్యయనం పలు రాష్ట్రాల లెక్కలు చూసి ఇంకా ఆసక్తికరమైన విషయం చెప్పింది. వివరాలు పోలీసుల దగ్గర నమోదై ఉంటే కొంత మేలు జరుగుతోంది. అవే వివరాలు అందరికీ బహిరంగంగా తెలిసిన చోట, విడుదలైనవాళ్ళు మళ్ళీ నేరానికి దిగే ప్రమాదం పెరుగుతున్నట్టుంది. ఇల్లు దొరకదు, పని దొరకదు, పలకరించే మనిషి ఉండడు. అలాంటివాడికి పోగొట్టుకోవడానికి ఇంకేమీ మిగలదు. పాతికేళ్ళు మందు మానలేనివాళ్ళకు వైద్యం చేసినవాళ్ళెవరికైనా ఇది ఆశ్చర్యం కలిగించదు.

ఇంగ్లండ్ మధ్యేమార్గం పట్టింది. అక్కడ జాబితా గోడకు అంటించరు. మీ బిడ్డకు దగ్గరగా మసలే ఫలానా మనిషి మీద అనుమానం ఉంటే పోలీసులను అడగొచ్చు. అతని వల్ల బిడ్డకు ముప్పు ఉందనిపిస్తే ఆ తల్లిదండ్రులకు మాత్రమే చెబుతారు. 2008లో కొన్ని ప్రాంతాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి 2011 నాటికి అంతటా అమలు చేశారు. నన్నడిగితే మనకు కావాల్సింది ఇలాంటిదే.

అక్కడివాళ్ళు అంత జాగ్రత్త పడటానికి కారణం లేకపోలేదు. 2000లో ఒక పత్రిక పిల్లలపై నేరాలు చేసినవాళ్ళ పేర్లు, ఫొటోలు వరుసగా అచ్చేసింది. జనం వీధుల్లోకి వచ్చారు. ఆ ఊపులో వేల్స్‌లో ఒక పిల్లల డాక్టరు ఇంటి గోడల మీద బూతు రాతలు రాశారు. 'పీడియాట్రీషియన్' అంటే ఏమిటో రాసినవాళ్ళకు తెలియదు. మనమేమీ తీసిపోలేదు. 2018 మే నెలలో 'పార్థీ గ్యాంగ్ దిగింది, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారు' అని వాట్సాప్‌లో పుట్టిన పుకారుకు రాయలసీమలో, తెలంగాణలో ఊళ్ళకు ఊళ్ళు కర్రలు పట్టుకుని రాత్రంతా కాపలా కాశాయి. దొరికినవాళ్ళలో బిచ్చగాళ్ళున్నారు, మతిస్థిమితం లేనివాళ్ళున్నారు, దారి తప్పిన కూలీలున్నారు. దెబ్బలకు ప్రాణాలు పోయిన సంఘటనలూ ఉన్నాయి. అలాంటి చేతుల్లో పేరు, ఫొటో, ఇంటి నంబరు పెడితే ఏమవుతుందో ఊహించుకోండి. ఒకే పేరున్నవాళ్ళు ప్రతి ఊళ్ళో నలుగురుంటారు.

జాబితాలో లేనివాళ్ళు

అసలు చిక్కు ఇది కూడా కాదు. మీ బిడ్డకు ఎవరి వల్ల ప్రమాదమో, ఆ మనిషి పేరు ఏ జాబితాలోనూ ఉండదు.

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ 2007లో వెలువరించిన అధ్యయనం ఇప్పటికీ మనకున్న పెద్ద ఆధారం. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని చెప్పినవాళ్ళు వందకు 53 మంది. వాళ్ళలో మగపిల్లలు సగానికి పైనే. (ఆడపిల్ల కాదు కదా అని నిశ్చింతగా ఉన్న తల్లిదండ్రులు ఈ వాక్యాన్ని మరోసారి చదవండి.) ఎక్కువ వేధింపులు నమోదైన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. వేధించినవాళ్ళలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్ళు, నమ్మకం ఉన్నవాళ్ళు. ఇక పోలీసు కేసుల దాకా వచ్చిన వాటి సంగతి చూస్తే, ఏటా నేర రికార్డుల బ్యూరో చెప్పేది ఒకటే. అత్యాచారం కేసుల్లో వందకు తొంభైకి పైగా నిందితులు బాధితులకు ముందే తెలిసినవారు.

పెద్దతిప్పసముద్రం లాంటి మండలాల్లో దీనికి ఇంకో కోణం ఉంది. కర్ణాటక సరిహద్దు దాటితే బెంగళూరు బాట. పనికోసం అమ్మానాన్నలు అక్కడికి పోతే పిల్లలు అవ్వాతాతల దగ్గర పెరుగుతారు. పట్నంలో ఉద్యోగాలు చేసుకునే మధ్యతరగతి ఇళ్ళలోనూ సెలవులొస్తే పిల్లలు ఊరికి చేరతారు. అవ్వ ప్రేమగానే చూస్తుంది. కానీ ఆమె పొలానికో, పాలకేంద్రానికో వెళ్ళినప్పుడు ఇంటికొచ్చే చిన్నాయన వరస మనిషినో, పక్కింటి అన్ననో ఆమె అనుమానించదు. అనుమానించమని నేనూ చెప్పడం లేదు. ఇంటికొచ్చిన ప్రతి మగవాణ్ణీ దొంగలా చూస్తే బతకలేం. పిల్లలు ఏదైనా చెబితే 'ఛీ, అట్లా అనొద్దు, ఆయన నీకు మామయ్య' అని నోరు మూయించవద్దని మాత్రం చెబుతాను.

శిక్షపడితేనే పేరు జాబితాకెక్కుతుంది. కేసే పెట్టనివాళ్ళు, పెద్దమనుషుల దగ్గర రాజీ అయినవాళ్ళు, సాక్షులు మాట మార్చడంతో నిర్దోషులుగా బయటపడ్డవాళ్ళు, బెయిల్ మీద ఉన్నవాళ్ళు, వీళ్ళెవరూ అందులో ఉండరు. పద్దెనిమిదేళ్ళలోపు తప్పు చేసినవాళ్ళ రికార్డులను గడువు తీరాక తొలగించాలని బాలల న్యాయచట్టమే చెబుతోంది. కొన్ని తీవ్రమైన నేరాలకు మాత్రమే మినహాయింపు.

తెలియాల్సిన ఒక్క ఇంటికి

శిక్ష పూర్తయి వచ్చేవాడి గురించి మనం ఇంత ఆలోచిస్తాం గానీ, మా దగ్గరకొచ్చే కుటుంబాలను వణికించేది బెయిల్. పదహారేళ్ళలోపు బిడ్డపై అత్యాచారానికి పోక్సో చట్టం కింద కనీస శిక్ష ఇరవై ఏళ్ళు. ఆ శిక్ష పడ్డవాడు ఇప్పట్లో వీధిలోకి రాడు. తీర్పు రాకముందు బెయిల్ మీద వచ్చినవాడు మాత్రం అదే వీధికి, ఒక్కోసారి అదే ఇంటికి వస్తాడు.

ఒక పాప సంగతి చెబుతాను. గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. తొమ్మిదేళ్ళు. కేసు కోర్టులో ఉంది. కొన్ని నెలల కౌన్సెలింగ్ తర్వాత మళ్ళీ బడికి వెళ్తోంది, నవ్వుతోంది. ఉన్నట్టుండి పక్క తడపడం మొదలైంది. కడుపునొప్పి అంటుంది, అన్నం ముట్టదు. రక్తపరీక్షలు, స్కానింగ్ అన్నీ బాగానే ఉన్నాయి. రెండోసారి వచ్చినప్పుడు తల్లి బయటపెట్టింది. పాప అంగడికి వెళ్తే అతను ఎదురయ్యాడట. విడుదలై అప్పటికే పది రోజులు. ఇంట్లో ఎవరికీ ఆ కబురు లేదు. అందరికంటే ముందు తెలిసింది ఆ బిడ్డకే, అదీ నడిరోడ్డు మీద.

ఇలా జరగకూడదనే 2020 పోక్సో నిబంధనల్లో ఒక ఏర్పాటు ఉంది. నిందితుణ్ణి అరెస్టు చేశారా, అభియోగపత్రం వేశారా, వాయిదా ఎప్పుడు, బెయిల్ వచ్చిందా, విడుదలయ్యాడా, తీర్పు ఏమిటి, శిక్ష ఎంత... ఇవన్నీ బిడ్డకు, తల్లిదండ్రులకు తెలియజేయాలి. ఆ బాధ్యత పోలీసులది, బాలల సంక్షేమ కమిటీ నియమించే సహాయకుడిది. ఈ సహాయకుణ్ణి 'సపోర్ట్ పర్సన్' అంటారు. మీకు ఇంకా ఎవరినీ కేటాయించకపోతే కమిటీని అడగండి, ఖర్చేమీ ఉండదు. అలాగే, పదహారేళ్ళలోపు బాలికపై అత్యాచారం కేసులో బెయిల్ వాదనలు జరిగేటప్పుడు ఫిర్యాదుదారు గానీ వారి తరఫు మనిషి గానీ కోర్టులో ఉండాలని చట్టం చెబుతోంది. ఊరందరికీ చాటింపు వేసే పద్ధతి మన దగ్గర లేదు గానీ, బాధిత కుటుంబానికి చెప్పి తీరాలన్న నియమం ఉంది. చాలామందికి ఇది తెలియదు కాబట్టి అడగరు. అడగరు కాబట్టి చెప్పేవాళ్ళూ తక్కువే. మీ బంధువుల్లోనో, పనిమనిషి ఇంట్లోనో ఇలాంటి కేసు ఉంటే ఈ ఒక్క విషయం చెప్పండి. స్టేషన్‌లో దర్యాప్తు అధికారి పేర కాగితం రాసిచ్చి, విడుదల సమాచారం ఏ ఫోన్ నంబరుకు చెప్పాలో అందులో వేసి, అందినట్టు సంతకం తీసుకోవాలి.

ముందుగా తెలిస్తే వైద్యపరంగా చాలా చేయొచ్చు. బిడ్డకు దాచకుండా, భయపెట్టకుండా చెప్పొచ్చు: 'అతను ఊళ్ళోకి వచ్చాడు. పోలీసులకు తెలుసు. నీ దగ్గరికి రాకూడదు. వస్తే నువ్వేం చేయాలంటే...' బడికి వెళ్ళే దారి మార్చొచ్చు, టీచరుకు చెప్పి ఉంచొచ్చు, ఆపేసిన కౌన్సెలింగ్ మళ్ళీ మొదలుపెట్టొచ్చు. పెద్దవాళ్ళు తోడుంటారని ముందే తెలిసిన బిడ్డ, ఎదురుపడినా అంతగా కుంగిపోదు. అతను గానీ, అతని మనుషులు గానీ ఇంటికొచ్చి రాజీకి ఒత్తిడి చేస్తే వెంటనే పోలీసులకు, ప్రభుత్వ న్యాయవాదికి చెప్పాలి. బెయిల్ రద్దు చేయమని కోర్టును అడగడానికి అది గట్టి కారణం.

ఫీజు కట్టేచోట అడగండి

పోలీసుల దగ్గరున్న రికార్డు మన పిల్లలకు నేరుగా ఉపయోగపడే దారి ఒకటుంది. పిల్లలు ఉండే, పిల్లలతో తరచూ పనిచేసే ప్రతి సంస్థ తన సిబ్బంది అందరి గురించీ పోలీసు వెరిఫికేషన్ చేయించాలని అవే నిబంధనలు చెబుతున్నాయి. స్కూళ్ళు, హాస్టళ్ళు, శిశు సంరక్షణ కేంద్రాలు, క్రీడా శిక్షణ కేంద్రాలు అన్నీ ఇందులోకి వస్తాయి. టీచర్లే కాదు, బస్సు డ్రైవరు, క్లీనరు, వాచ్‌మన్, ఆయా, కాంట్రాక్టు మీద వచ్చే డ్యాన్సు మాస్టరు కూడా. ఒకసారి చేసి వదిలేయడం కాదు, అప్పుడప్పుడూ మళ్ళీ చేయించాలి.

యూనిఫాం రంగు గురించి, టై ధర గురించి యాజమాన్యంతో గంటసేపు మాట్లాడే మనం ఈ ప్రశ్న అడగం. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో అడగండి: 'బస్సు సిబ్బందికి వెరిఫికేషన్ ఎప్పుడు చేయించారు?' నలుగురు కలిసి అడిగితే జవాబు చెప్పక తప్పదు.

బిడ్డ నోటితో చెప్పకపోయినా

చిన్నపిల్లలు జరిగింది మాటల్లో చెప్పలేరు. ఒళ్ళు చెబుతుంది. పక్క తడపడం మానేసిన బిడ్డ మళ్ళీ మొదలుపెట్టడం, నిద్రలో ఉలికిపడటం, కారణం దొరకని కడుపునొప్పి, తలనొప్పి, మూత్రానికి వెళ్ళేటప్పుడు మంట, లోదుస్తుల మీద మరకలు, కూర్చోవడానికి ఇబ్బంది, ఉన్నట్టుండి చదువులో వెనకబడటం. వీటిలో చాలావాటికి వేరే కారణాలు కూడా ఉంటాయి కాబట్టి వెంటనే కంగారు పడొద్దు. నులిపురుగుల వల్ల కూడా దురద, చిరాకు ఉంటాయి. అయితే ఒక ఇంటికి వెళ్ళనని, ఒక మనిషి దగ్గర కూర్చోనని బిడ్డ మొండికేస్తే దాన్ని పెంకితనం కింద కొట్టిపారేయకండి. 'ఎందుకు నాన్నా?' అని అడిగి ఊరుకోండి. ఆ రోజే చెప్పకపోవచ్చు. తిట్టరని నమ్మకం కుదిరితే ఎప్పుడో స్నానం చేయించేటప్పుడో, జడ వేసేటప్పుడో చెబుతారు.

చెప్పినప్పుడు పదిసార్లు గుచ్చి గుచ్చి అడగొద్దు. ఇంటికొచ్చిన ప్రతి బంధువు ముందూ మళ్ళీ చెప్పించొద్దు. 'నువ్వెందుకు వెళ్ళావు?' అన్న ప్రశ్న అసలే వద్దు. 'నాకు చెప్పి మంచి పని చేశావు' అనండి చాలు. ఆ తర్వాత 1098కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి, లేదా నేరుగా ఆస్పత్రికి రండి.

ముందుగా ఆస్పత్రికే వచ్చినా ఫర్వాలేదు. ఎఫ్‌ఐఆర్ ఉంటేనే చూస్తామని ఏ ఆస్పత్రీ అనకూడదు. సర్కారు దవాఖానా అయినా ప్రైవేటు అయినా చికిత్స ఉచితంగా చేయాల్సిందే, కాదనడం నేరం. ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి. తల్లి గానీ, బిడ్డ నమ్మే మనిషి గానీ పక్కనే ఉండొచ్చు. ఒకప్పటి 'రెండు వేళ్ళ పరీక్ష'ను సుప్రీంకోర్టు తప్పుబట్టింది. అది చేయడం డాక్టరు దుష్ప్రవర్తన కిందికే వస్తుందని 2022లో మరోసారి గట్టిగా చెప్పింది. పోలీసులకు సమాచారం ఇవ్వడం మాత్రం మా విధి. విషయం తెలిసీ చెప్పకపోతే చట్టప్రకారం శిక్ష మాకూ ఉంటుంది. కాబట్టి 'డాక్టరుగారూ, ఇది మన మధ్యే ఉండనీండి' అని అడిగితే మేం ఒప్పుకోలేం.

వీలైనంత త్వరగా రావడం ముఖ్యం. హెచ్ఐవీ రాకుండా వేసే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఆ తర్వాత ఫలితం ఉండదు. రజస్వల అయిన ఆడపిల్లకు గర్భం రాకుండా ఇచ్చే మాత్ర కూడా ఎంత ముందుగా వేస్తే అంత మంచిది. వచ్చేముందు స్నానం చేయించకండి. ఒంటి మీది బట్టలు ఉతకకండి. మార్చక తప్పకపోతే విప్పినవి ప్లాస్టిక్ కవరులో కాకుండా కాగితంలో చుట్టి వెంట తెండి. తడిగా ఉంటే నీడలో ఆరనిచ్చి చుట్టండి. రెండు మూడు రోజులు దాటిపోయినా, స్నానం అయిపోయినా రావడం మానొద్దు. గాయాలకు వైద్యం, ఇన్ఫెక్షన్ పరీక్షలు, టీకాలు, కౌన్సెలింగ్ అప్పుడూ అవసరమే. ఓపీ చీటీ కోసం వరుసలో నిలబడాల్సిన పనిలేదు, నేరుగా క్యాజువాలిటీకి రండి.